నాలుగు తగిలిస్తే బడి బాగుపడదు

తోటి పిల్లల్ని ఏడిపించే పిల్లవాణ్ణి ఏం చెయ్యాలి? నంద్యాలలో అడిగినా ఆళ్లగడ్డలో అడిగినా జవాబు తయారుగా ఉంటుంది: "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు. రాకుంటే టీసీ చేతిలో పెట్టి పంపెయ్యాల." హెడ్మాస్టర్లు ఇదే అంటారు. ప్రైవేటు బడుల కరస్పాండెంట్లు ఇదే అంటారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మాటా ఇదే. ఏడిపించిన వాడినీ ఏడ్చిన వాడినీ విడివిడిగా వినాలని, ఇద్దరూ సిద్ధమయ్యాకే ఎదురెదురుగా కూర్చోబెట్టాలని, జరిగిన నష్టాన్ని చేసినవాడి చేతే సరిచేయించాలని చెప్పి చూడండి. "అది రాజీ కదా సార్, రాజీలు చూసీ చూసీ విసిగిపోయినాం" అని తీసిపారేస్తారు.

ఈ అభిప్రాయం కటిక మనసుల్లోంచి పుట్టిందని నేననను. దాని వెనక న్యాయమైన కోపం ఉంది. బిడ్డ ఒంటిమీద దెబ్బలు చూసిన తల్లికి, హాస్టల్ నుంచి ఫోన్ చేసి "నన్ను తీస్కపో నాయనా" అని ఏడ్చే కొడుకు గొంతు విన్న తండ్రికి, చేసినవాడికి ఏదో ఒకటి జరగాలనిపిస్తుంది. జరగకపోతే, ఏం చేసినా చెల్లుతుందని మిగతా పిల్లలు అనుకుంటారు. ఊరికే మాటలతో సరిపెడితే దెబ్బతిన్న బిడ్డకు రెండోసారి అన్యాయం చేసినట్టవుతుంది. శిక్ష కోరేవాళ్ల వాదనకు అసలు బలం ఇక్కడే ఉంది. ఇందులో సగం నాకూ సమ్మతమే: చేసినవాడికి ఏదో ఒకటి జరిగి తీరాలి. ఆ జరగాల్సింది బెత్తం, లేకపోతే టీసీ అనే మిగతా సగం తప్పు. అది ఒట్టి పొరపాటు అభిప్రాయమే అయితే ఇంత రాయక్కర్లేదు. దానివల్ల మన పిల్లలు రోజూ నష్టపోతున్నారు.

నేను సమర్థించేదాన్ని పునరుద్ధరణ పద్ధతి అంటారు. ఏ నియమం తప్పారు, ఎంత శిక్ష వెయ్యాలి అని మొదలుపెట్టకుండా, ఎవరికి నష్టం జరిగింది, వాళ్లకిప్పుడు ఏం కావాలి, దాన్ని సరిచేసే బాధ్యత ఎవరెవరిది అని మొదలుపెట్టే పద్ధతి ఇది. నేరం చేసిన పిల్లల విషయంలో న్యూజిలాండ్ 1989లోనే ఆ పిల్లల కుటుంబాలనూ నష్టపోయినవాళ్లనూ కూర్చోబెట్టే సమావేశాలను చట్టంలో పెట్టింది. మావోరీ ప్రజల సంప్రదాయాల నుంచి తీసుకున్న పద్ధతి అది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, మరూచిడోర్ ప్రభుత్వ హైస్కూల్లో మార్గరెట్ థార్స్‌బోర్న్ దాన్ని బడిలోకి తెచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో దేశాల్లో వాడి, కొలిచి, తప్పులు దిద్దుకుంటూ వస్తున్న పని ఇది. ఇక మనవాళ్ల మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుందాం.

1. "భయం ఉంటేనే తప్పు చెయ్యరు"

భయం మన బడుల్లో ఎప్పుడు తక్కువైంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహశిక్షనూ మానసిక వేధింపునూ రెంటినీ కాదంది. అయినా బెత్తం బల్ల మీదే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో మన సీమలోని కడప, అనంతపురం జిల్లాల పిల్లలు కూడా ఉన్నారు. ఎనిమిదేళ్ల వయసులో వాళ్లను అడిగితే, గడిచిన వారంలో టీచరు చేతి దెబ్బ తిన్నామన్నవాళ్లు నాలుగింట మూడు వంతులకు పైనే. తోటివాళ్లు దెబ్బలు తింటుంటే చూశామన్నవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే. ఇంత మోతాదులో భయం పోశాక కూడా రోగం తగ్గలేదంటే, మందు చాలలేదనడం వాదన అనిపించుకోదు. మందే తప్పని ఒప్పుకోవాలి.

ఎందుకు తప్పో ఆలోచిస్తే కష్టమేమీ కాదు. భయం కళ్లున్నంత మేరే పనిచేస్తుంది. వేధింపులు సాగేది కళ్లు లేనిచోట. మరుగుదొడ్ల వెనక, బడి బస్సు చివరి సీట్లో, హాస్టల్లో దీపాలార్పాక, ఇప్పుడైతే ఇన్‌స్టాగ్రామ్‌లో. బెత్తానికి ఇవేవీ అందవు. అందేది ఒక్కటే: ఎవరో వచ్చి చెప్పడం. చెబితే ఏమవుతుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు. పొద్దున సారు కొడతాడు, రాత్రి ఆ దెబ్బలు చెప్పినవాడి లెక్కలో పడతాయి. అందుకే నోరు మూసుకుంటారు. "మా బడిలో అట్లాంటివి లేవు" అని హెడ్మాస్టరు నిజంగానే నమ్ముతుంటాడు. శిక్ష ఎంత పెరిగితే ఫిర్యాదు అంత తగ్గుతుంది, ఆ తగ్గుదలను క్రమశిక్షణ అనుకుని మురిసిపోతున్నాం.

కాగితం మీద శిక్షకు మనకేం కొదవ లేదు. 1997లోనే ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, అందులో జైలు శిక్షలున్నాయి. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2015 జులైలో, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఒకామె ప్రాణం తీసుకుంది. సీనియర్ల వేధింపులే కారణమన్న ఆరోపణలతో రాష్ట్రమంతా అట్టుడికింది. చట్టం ఉండాల్సిందే. కానీ జరిగాక శిక్షించే చట్టం, జరుగుతుండగా వినే చెవి లేని లోటును తీర్చలేదు.

ఇంకో మాట. ఈ సమస్యను మొట్టమొదట శాస్త్రీయంగా పరిశోధించిన డాన్ ఓల్వియస్, బలం ఉన్నవాడు బలం లేనివాణ్ణి పదే పదే బాధపెట్టడమే వేధింపు అన్నాడు. ఎనభై మంది చూస్తుండగా ఒక పెద్ద మనిషి ఒక పిల్లవాణ్ణి కొడితే ఆ ఎనభై మందీ నేర్చుకునేది అదే పాఠం. కొట్టడం తప్పు కాదు, కొట్టే స్థాయికి ఎదగకుండా కొట్టడం తప్పు అని. పైగా దెబ్బతిన్నవాడికి తాను చేసింది గుర్తుండదు, తనకు జరిగిందే గుర్తుంటుంది. అప్పటినుంచి బాధితుడు వాడే. వాళ్ల నాయన బడికి వస్తాడు, వీళ్ల నాయన వస్తాడు, గొడవ గేటు దాటి ఊళ్లోకి పోతుంది. దెబ్బకు దెబ్బ ఎంత దూరం పోతుందో ఫ్యాక్షన్ చూసిన ఈ నేలకు ఇంకొకరు చెప్పాలా?

2. "టీసీ ఇచ్చి పంపితే పీడ పోతుంది"

ఎక్కడికి పోతుంది? నంద్యాల బడి వదిలించుకున్న పిల్లవాడు ఆళ్లగడ్డ బడిలో చేరతాడు. ఆళ్లగడ్డ వదిలించుకున్నవాడు నంద్యాల హాస్టల్‌కు వస్తాడు. నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణంతో ఏ పిల్లవాడి స్వభావమూ మారదు. కొత్తచోట వాడి సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతాడు. అదీగాక, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడినుంచి వెళ్లగొట్టకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయడానికి వీలిచ్చారే తప్ప వెళ్లగొట్టడానికి వీలివ్వలేదు. "మీరే తీసుకెళ్లిపోండి, మీ అబ్బాయి భవిష్యత్తుకే మంచిది" అని తల్లిదండ్రుల చేత అడిగించుకుని ఇచ్చే టీసీలు ఆ చట్టాన్ని దొడ్డిదారిన దాటడమే.

వాస్తవంగా టీసీ ఎవరు తీసుకుంటున్నారో కూడా చూడండి. ఏడిపించినవాడికి వెనక ఎవరో ఒకరుంటారు. మాట సాగే తండ్రో, తెలిసిన నాయకుడో, మొత్తం ఫీజు ముందే కట్టేసిన ధీమానో. ఏడ్చినవాడికి అవేవీ ఉండవు. వాడే చదువు మధ్యలో పెట్టె సర్దుకుని ఇంటికి పోతాడు. ఆడపిల్లయితే ఇంకో బడి కూడా దొరకదు. "చదివింది చాల్లే" అంటారు, తర్వాత సంబంధాలు చూస్తారు. బలమైనవాణ్ణి శిక్షించడానికి పెట్టుకున్న ఆయుధం బలహీనుడి మీదే ఎక్కువగా పడుతుంటే, ఆ ఆయుధాన్ని న్యాయం పేరుతో సమర్థించడం మానుకోవాలి.

3. "కూర్చోబెట్టి మాట్లాడించడమంటే రాజీయే కదా"

అన్నింటిలోకీ గట్టి అభ్యంతరం ఇది. దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు. ఎందుకంటే ఈ అనుమానం అనుభవంలోంచి వచ్చింది. మన పల్లెల్లో రాజీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో లెక్క వేస్తారు. దెబ్బతిన్నవాడి ఇంటివాళ్లకు "రేపు మళ్లీ ఇదే ఊళ్లో బతకాల కదప్పా" అని నచ్చజెబుతారు. కొంత డబ్బు చేతులు మారుతుంది, కోర్టులో సాక్షులు మాట మార్చేస్తారు, కేసు పోతుంది. తప్పు చేశానని ఎవరి నోటా రాదు.

బడిలో రాజీ దీనికి చిన్న నకలు. హెడ్మాస్టరు గదిలో ఒకపక్క కాంట్రాక్టరు కొడుకు, ఒకపక్క కౌలురైతు కొడుకు. ఐదు నిమిషాలు. "ఇద్దరూ తప్పే చేసినారు, చెయ్యి కలపండ్రా." కలుపుతారు. కౌలురైతు నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు. ఆ రాత్రి హాస్టల్లో కథ మామూలే. దీన్ని శిక్షావాదులు ఎంత అసహ్యించుకుంటారో నేను అంతకు రెట్టింపు అసహ్యించుకుంటాను. బలం సమానంగా లేనిచోట ఊరికే ఎదురెదురుగా కూర్చోబెట్టడం, తోటిపిల్లల చేత మధ్యవర్తిత్వం చేయించడం హానికరమని వేధింపులపై పనిచేసే నిపుణులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. ఇద్దరి మధ్య గొడవకు పనికొచ్చేది, ఒకడు ఇంకొకణ్ణి వేధించడానికి పనికిరాదు.

కానీ ఈ రాజీని చూపించి పునరుద్ధరణ పద్ధతిని కొట్టిపారేయడంలో తర్కం తప్పింది. రెండింటికీ పోలిక కుర్చీలు వేయడం వరకే. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆళ్లగడ్డ పక్క పల్లెనుంచి వచ్చి నంద్యాల హాస్టల్లో చేరిన ఎనిమిదో తరగతి పిల్లవాడు. వాడికి నత్తి. తొమ్మిదో తరగతి వాళ్లు నలుగురు రోజూ రాత్రి వాణ్ణి మంచం మీద నిలబెట్టి పాఠం చదివిస్తారు, నవ్వుతారు, ఫోనులో తీసి పంచుకుంటారు. విషయం బయటపడింది. వార్డెన్ నలుగురినీ చితకబాదాడు. రెండు నిమిషాల్లో న్యాయం అయిపోయింది. నత్తి ఉన్న పిల్లవాడికి అందులో ఏం దక్కింది? వీడియో ఎన్ని ఫోన్లలో ఉందో తెలియదు. చెప్పింది వీడేనని అందరికీ తెలిసిపోయింది. మళ్లీ అదే గది, అదే రాత్రి.

పునరుద్ధరణ పద్ధతిలో మొదటి పని పిల్లవాడి భద్రత. ఆ రోజే గదులు మారతాయి, ఆ నలుగురి ఫోన్లు కార్యాలయంలోకి వస్తాయి. రెండోది, పిల్లవాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టుకుని వినడం. నీకేం కావాలి అని అడగడం. మన బడుల్లో దెబ్బతిన్న పిల్లవాణ్ణి ఎవరూ అడగని ప్రశ్న ఇది. వాడికి కావాల్సింది వీడియో చెరిగిపోవడం కావచ్చు. వాళ్లు తన జోలికి రాకపోవడం కావచ్చు. తన నత్తి గురించి తరగతిలో ఎవరూ ఎత్తకపోవడం కావచ్చు. వాళ్ల ముఖాలు చూడటం వాడికిష్టం లేకపోతే సమావేశమే ఉండదు. వాడి తరఫున అమ్మ రావచ్చు, నమ్మిన టీచరు రావచ్చు, వాడు రాసిన కాగితం రావచ్చు. ఏ క్షణంలోనైనా చాలు అనే హక్కు వాడిది.

మూడోది, ఆ నలుగురినీ విడివిడిగా కూర్చోబెట్టడం. గుంపులో ఉన్నప్పుడు అందరూ "ఊరికే తమాషాకి" అంటారు. ఒంటరిగా కూర్చోబెట్టి, నువ్వేం చేశావు, అప్పుడేమనుకున్నావు, వాడికేమైంది అని నెమ్మదిగా అడిగితే తమాషా అన్న మాట ఎక్కువసేపు నిలవదు. తప్పు ఒప్పుకోనివాడికి ఈ దారి లేదు. వాడికి మామూలు విచారణ, మామూలు చర్య. ఒప్పుకున్నవాళ్లు దాన్ని సరిచేయాలి: ఎవరెవరికి పంపామో పేరుపేరునా చెప్పి, వాళ్ల దగ్గరికి వెళ్లి చెరిపించడం, నవ్విన గదివాళ్ల ముందు మేం చేసింది తప్పని చెప్పడం, లీడరు పదవులు, ఫోన్లు ఇంకొన్నాళ్లు వదులుకోవడం. తండ్రులు పక్కన కూర్చోవచ్చు, వకాల్తా పుచ్చుకోకూడదు. నాయకులకు, పెద్దమనుషులకు ఆ గదిలో కుర్చీ లేదు. ఒప్పుకున్నదంతా తేదీలతో కాగితం మీద ఉంటుంది. వారానికొకసారి, తర్వాత నెలకొకసారి పిల్లవాణ్ణి మళ్లీ ఒంటరిగా అడుగుతారు. తప్పితే తర్వాతి మెట్టు ఏమిటో ముందే రాసి ఉంటుంది.

దీన్ని మెత్తదనం అనేవాళ్లు ఒక్కసారి ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడి చోట నిలబడి చూడాలి. రెండు బెత్తం దెబ్బలు అరచేతిని మండిస్తాయి, సాయంత్రానికి గొప్పగా చెప్పుకోవడానికి పనికొస్తాయి. తాను చేసిన పనిని తన నోటితో, తల్లి ఎదుట, దెబ్బతిన్నవాడి ఎదుట చెప్పడంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏ పిల్లవాణ్ణైనా ఎంచుకోమంటే బెత్తమే ఎంచుకుంటాడు. బెత్తం సులువు. చేసినవాడికీ, చేయించే బడికీ.

రాజీలో నిజం బయటికి రాదు. ఇక్కడ నిజం ఒప్పుకోకుండా ఏదీ మొదలుకాదు. రాజీ బలమున్నవాడి షరతుల మీద నడుస్తుంది. ఇక్కడ వీటో నత్తి ఉన్న పిల్లవాడి చేతిలో ఉంది. రాజీ ఆ రోజుతో ముగుస్తుంది. ఇక్కడ అసలు పని ఆ మర్నాటినుంచి మొదలవుతుంది. రాజీలతో విసిగిపోయినవాళ్లే ఈ పద్ధతిని ముందుగా అడగాల్సినవాళ్లు.

4. "పిల్లోల్లన్నాక ఏడిపించుకుంటారు, మేం పడలేదా"

ఈ మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. పడ్డవాళ్లలో గట్టిపడ్డవాళ్లే ఇప్పుడు మాట్లాడుతున్నారు. విరిగిపోయినవాళ్లు మన మధ్య కూర్చుని ఈ కబుర్లు చెప్పడం లేదు. యంగ్ లైవ్స్ పరిశీలనలోనే పదిహేనేళ్లకు వేధింపులు పడ్డ పిల్లలకు పంతొమ్మిదేళ్లకు కూడా తమ మీద తమకు నమ్మకం తక్కువగా కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు గడిచిన నెలలో వేధింపు ఎదుర్కొన్నారని యునెస్కో 2019లో లెక్క చెప్పింది. ఎక్కువమందికి జరుగుతున్నంత మాత్రాన అది మామూలు విషయం అయిపోదు.

5. "ఇవన్నీ విదేశాల ముచ్చట్లు, మన టీచర్లకు తీరిక ఎక్కడిది"

తీరిక లేదన్నది నిజం. హాజరు యాప్‌లు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, పదో తరగతి ఫలితాల ఒత్తిడి మధ్య ఇంకో పని నెత్తిన పెడితే అది రిజిస్టర్లో సంతకంగానే మిగులుతుంది. అందుకు సాక్ష్యం విదేశాల్లో వెతకనక్కర్లేదు, బీహార్లో ఉంది. నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించి, ఫలితాలను 2018లో లాన్సెట్‌లో ప్రచురించారు. అది అచ్చంగా పునరుద్ధరణ పద్ధతి కాదు గానీ దానికి దగ్గర బంధువు: బడి వాతావరణాన్ని మార్చడం, పిల్లలు చెప్పుకోవడానికి ఫిర్యాదు పెట్టె, తరగతిలో చర్చలు, ఒంటరిగా వినే మనిషి. కొన్ని బడుల్లో ఈ పని ఉన్న టీచర్లకే అప్పజెప్పారు. అక్కడ ఏ మార్పూ రాలేదు. ఇంకొన్ని బడుల్లో దీనికోసమే ఒక మనిషిని పెట్టారు. పెద్ద మనోవైద్య డిగ్రీలున్నవాళ్లు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. అక్కడ వేధింపులు తగ్గాయి, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది, బడి మీద ఇష్టం పెరిగింది. పేద జిల్లాలో, ప్రభుత్వ బడుల్లో. మనవల్ల కాదనడానికి ఇక వీల్లేదు. మనిషిని పెట్టం అని చెప్పండి, అది వేరే విషయం.

పునరుద్ధరణ పద్ధతి ఉన్న కార్యక్రమాన్ని పరీక్షించిన ఇంగ్లండ్ అధ్యయనం కూడా 2018 నాటిదే. 40 సెకండరీ బడుల్లో మూడేళ్లు నడిపితే వేధింపులకు గురయ్యామని పిల్లలు చెప్పడం తగ్గింది. తగ్గుదల కొద్దిగానే, కానీ ఖాయంగా. పిల్లల దూకుడులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్లో చేసిన పరిశీలనలో సస్పెన్షన్లు తగ్గాయి, కానీ ఆరునుంచి ఎనిమిది తరగతుల వాళ్ల మార్కులు కూడా తగ్గాయి. ఈ ఫలితాన్ని దాచడం నాకిష్టం లేదు. ఈ పద్ధతి మంత్రం కాదు. సస్పెన్షన్లు తగ్గించి గెలిచామనుకునే బడి తరగతి గదిని గాలికొదిలేసే ప్రమాదముంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పునరుద్ధరణ పద్ధతిని ఇంత కఠినంగా కొలిచి, లోపాలు బయటపెట్టి చర్చిస్తున్నాం. బెత్తాన్నీ టీసీనీ ఇట్లా కొలిచి, వేధింపులు ఇంత తగ్గాయని చూపించినవాళ్లెవరు? కొత్తదాన్ని రుజువులడుగుతూ, పాతదాన్ని నమ్మకంతో నడిపించడం ఎక్కడి న్యాయం?

6. "ఘోరాలు చేసినా ఇంతేనా?"

ఇంతే కాదు. లైంగిక దాడి విషయం తెలిసిన క్షణాన పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది. దాచిపెట్టిన బడి యాజమాన్యానిదీ నేరమే. కులం పేరుతో అవమానం జరిగితే ఆ కుటుంబానికి చట్టం తలుపు తెరిచి ఉందని చెప్పడం బడి బాధ్యత. మూసే హక్కు బడికి లేదు. పునరుద్ధరణ పేరు చెప్పి ఇట్లాంటివాటిని గదిలో సర్దేసేవాళ్లు నా దృష్టిలో నేరాన్ని కప్పిపెట్టినవాళ్లే. అదే సమయంలో, నేరం చేసిన పిల్లల కోసమే రాసిన 2015 బాలల న్యాయ చట్టాన్ని కూడా చదవాలి. వీలైనంత వరకు కోర్టు దాకా పోకుండా చూడాలని, మందలింపు, సామూహిక కౌన్సెలింగ్, సమాజ సేవ వంటివి వాడాలని ఆ చట్టమే చెబుతోంది. నేరం చేసిన పిల్లవాడి పట్ల దేశం చట్టం చూపే వివేకం, వంకర పేర్లు పెట్టి ఏడిపించిన పిల్లవాడి పట్ల మన బడి చూపలేదా?

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడుగుదాం. 2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. ఆ తర్వాత కూడా జరుగుతున్నాయి. మార్కుల కార్డులు, ముగ్గులు, ఫొటోలతో పాటు ఈ ప్రశ్నలకూ అక్కడ చోటుండాలి. మా బిడ్డ ఏడిస్తే ఎవరి దగ్గరికి పోవాలి, ఆ మనిషి పేరేమిటి? ఫిర్యాదు చేసిన పిల్లవాడికి ఆ రాత్రి కాపలా ఎవరు? ఒప్పందాలు రాసే పుస్తకం ఉందా, వారం తర్వాత ఎవరు అడుగుతారు? నంద్యాలలో లక్షల ఫీజులు తీసుకునే రెసిడెన్షియల్ బడులు ఒక్కో ప్రాంగణానికి ఒక శిక్షణ పొందిన మనిషిని పెట్టలేమనడం నమ్మశక్యం కాదు. ర్యాంకుల ఫ్లెక్సీల ఖర్చులో కొంత చాలు. ప్రభుత్వ బడులకు, సంక్షేమ హాస్టళ్లకు మండలానికి ఇద్దరినైనా జిల్లా విద్యాశాఖ నియమించాలి. వాళ్ల మీద ఇతర పనులు వేయకూడదు.

ఇంకొక్కటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. చదువు మధ్యలో టీసీ తీసుకుని వెళ్లిన ప్రతి బిడ్డ దగ్గర కూర్చుని అసలు కారణం అడగండి, రాయండి, ఏడాది చివర్లో ఆ లెక్కను తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టండి. "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకోవడం ఈ విద్యా సంవత్సరంతో ఆగిపోవాలి.